ఉత్తుత్తి దూది

ఆ మధ్యాహ్నం అన్నం తిందామని ఆటో ఇంటి ముందు ఆపి లోపలికి వెళ్ళేసరికి, మా మేనకోడలి మెడకి రెండు పాములు చుట్టుకుని ఉన్నాయి. ప్రాణమున్నవి కావు. జేగురుమన్ను తడిపి వేలితో గీసినవి. ఒకటి ఎడమ చెవి కిందనుంచి, ఇంకొకటి కుడి చెవి కిందనుంచి బయల్దేరి, గొంతు దగ్గర ఎదురెదురుగా ఆగి, నువ్వు ముందా నేను ముందా అన్నట్టు చూసుకుంటున్నాయి. పిల్లకి ఆరేళ్ళు. మా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నోరు కొంచెం తెరిచే ఉంది.

"ఏటే, కాన్వెంటులో ఎవులైనా సేర్చుకున్నారేటి? ఒక టై సాల్దని రెండు కట్టించుకున్నావు?" అన్నాను.

ఇంకో రోజైతే ఆ మాటకి నా మీదకి దూకి జుట్టు పీకేది. ఆ రోజు కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది.

"ఊరుకోరా, నీ ఎకసెక్కాలు నువ్వూను," అంది అమ్మ. "సర్పి. బొమ్మ గీసే తాత కాడికి ఎత్తుకెళ్ళి గీయించుకొచ్చినాను. మూడ్రోజులు నీళ్ళు తగలకూడదన్నాడు."

నడుముకో రొమ్ముకో ఎర్రటి పొక్కులు బారు తీరి వస్తే మా వైపు సర్పి అంటారు. అది పాములా ఒళ్ళు చుట్టుకుంటూ పోతుందనీ, తలా తోకా కలిస్తే మనిషి దక్కడనీ నమ్మకం. కలవకముందే దానికి ఎదురు పామును గీయిస్తారు. సరే, అది మాకు తాతల నాటి లెక్క. కానీ ఈ పిల్ల మెడ మీద ఒక్క పొక్కు లేదు.

"పొక్కులేవమ్మా?"

"లోపలున్నాయట. గొంతులోన."

"ఎవులన్నారు?"

"నర్సమ్మే అన్నాది. నానేటి ఊరకే తిరుగుతన్నాననుకున్నావేటి? మూడ్రోజులై గొంతు నొప్పి, జొరం తగ్గలేదంటే పొద్దున్న వచ్చి లైటేసి సూసినాది. సర్పిలాగున్నాది, బేగి తీసుకెళ్ళండి అన్నాది. బేగే తీసుకెళ్ళినాను."

"సర్పి అన్నాదా? కంఠసర్పి అన్నాదా?"

"అదే. రెండూ ఒకటి కాదేటి?"

నా చేతిలో ఆటో తాళం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ మాట నాకు తెలుసు. కిందటేడు, ఇదే పిల్లకి, నేనే చదివి వినిపించాను.

అది ఊడుపుల కాలం. మా అప్పని, అంటే పిల్ల తల్లిని, ఇచ్చింది పక్క వీధికే. అప్పా బావా ఇద్దరూ పొలంలో ఉన్నారు. బుధవారం అంగన్వాడీ దగ్గర టీకాలు వేస్తారు, పిల్లకి అయిదేళ్ళ సూది పడాలి, నువ్వు తీసుకెళ్ళు తమ్ముడూ అని అప్ప టీకాల కార్డు నా చేతిలో పెట్టింది. సూది విషయంలో నా చరిత్ర అప్పకి తెలియనిది కాదు. ఏడో తరగతిలో బడికి సూదిమందు వాళ్ళు వచ్చారంటే గోడ దూకినవాళ్ళం నలుగురం. ముగ్గురు మర్నాడు బడికి వచ్చారు.

పిల్ల అంగన్వాడీ మలుపు దాకా బాగానే వచ్చింది. అక్కడ లోపల ఎవరో పసివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే విని నా చొక్కా వెనకాల పట్టుకుని వేలాడింది. "మావా, వద్దు మావా, రేపు ఏయించుకుంటాను మావా." ఏడుస్తున్న పిల్లని లోపలికి లాక్కెళ్ళడం ఎవరికైనా కష్టమే. నాకు ఇంకా కష్టం, ఎందుకంటే నాకూ లోపలికి వెళ్ళాలని లేదు. ఆటో తిప్పేశాను. కోటబొమ్మాళి వెళ్ళి జీళ్ళు కొనిచ్చాను. ఆటోలో కూర్చుని జీళ్ళు నములుతూ అది కార్డు తిరగేసింది.

"ఇందులో ఏటున్నాది మావా?"

చదివాను. క్షయ, పోలియో, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, తట్టు.

"కంఠసర్పి అంటే?"

"గొంతులో పాము కాపరం ఎడతాది. అద్దె కూడా ఇవ్వదు."

అది పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. దానికి ఎదురుగా ఉన్న అయిదేళ్ళ గడి ఖాళీగానే ఉంది.

ఇంటికి వచ్చి అమ్మ దీపం వత్తుల డబ్బాలోంచి చిటికెడు దూది తీశాను. పిల్ల జబ్బ మీద పెట్టి ప్లాస్టరు అంటించాను. "సెయ్యి ఎత్తలేనని ఏడవాల. బేగి ఏడిసీకు, అమ్మని సూసినాకే." ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. నా తల మీద చెయ్యి పెట్టి అంది: "సెపితే మావ సచ్చినంత ఒట్టు." అది ఎంత బాగా ఏడ్చిందంటే అప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జ్వరం రాకుండా సగం మాత్ర వేసింది, గుడ్డు ఉడకబెట్టి పెట్టింది. రాత్రి దూది తీసి పారేస్తూ, "ఒరే, ఇప్పుడు నర్సమ్మలు నూనె కూడా రాస్తన్నారేటి?" అని అడిగింది. "కొత్త రకం," అన్నాను.

వచ్చే బుధవారం నిజంగానే తీసుకెళదామనుకున్నాను. ఆ తరవాతి బుధవారం కూడా అలాగే అనుకున్నాను. పాత నర్సమ్మ నన్ను రోడ్డు మీద రెండుసార్లు ఆపి అడిగింది. రెండుసార్లూ నవ్వించి పంపేశాను. తరవాత ఆవిడకి బదిలీ అయింది. కార్డు పెట్టె అడుగున ఉంది. నేను మరిచిపోయాను. మరిచిపోయానని ఇప్పుడంటున్నాను గానీ, మరిచిపోతే మా అమ్మ నోట ఆ మాట వినగానే అన్ని జీళ్ళూ ఎలా గుర్తొస్తాయి?

ఫోను లైటు వేసి పిల్ల నోరు తెరిపించాను. ముందు వాసన కొట్టింది. ఎక్కడో ఎలక చచ్చిన వాసన. లోపల రెండు పక్కలా, తడిసిన గోడకి బూజు పట్టినట్టు, తెలుపూ బూడిదా కలిసిన పొర. వేలితో మెడ తాకాను. తాత పాముల్ని లావుగా గీశాడనుకున్నాను. పాములు మామూలుగానే ఉన్నాయి. లావైంది మెడ.

పిల్లని ఆటోలో వేసుకున్నాను. అమ్మ "పాములు సెరిగిపోతాయిరా, కండువా తగలనీకు" అంటూ వెంట పరిగెత్తుతూనే ఉంది. వరి కోతలు జరుగుతున్నాయి. గట్టు మీద ఆటో ఆపి కేకేస్తే అప్ప కొడవలితోనే వచ్చి ఎక్కేసింది. "ఎనకాల బండి మీద వచ్చెయ్ బావా," అన్నాను. బావ ఏమైందని అడిగితే వినబడనట్టు గేరు వేశాను.

రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి. అది ఎంత పొడుగో దానికే తెలియదు. ఇంజను ఆపేసరికి పిల్ల ఊపిరి వినబడింది. లోపలికి పీల్చినప్పుడల్లా సన్నటి ఈల. అద్దంలోంచి చూస్తే అప్ప దాని నుదుటి మీద చెంగుతో గాలి విసురుతోంది.

"ఒరే తమ్ముడూ, ఏదైనా మాటాడరా. నువ్వు నవ్విస్తే బాగుంటాది దీనికి."

ఎప్పుడూ నోట్లో నాలుక నిలవదని నన్ను తిట్టే మా అప్ప, మాట్లాడమని అడిగింది అదొక్కసారే. చెప్పడానికి అది సరైన చోటు. ముగ్గురమే ఉన్నాం, గేటు పడి ఉంది, ఎక్కడికీ పోలేము. గొంతు సవరించుకున్నాను. గేటు లేచింది. ఆటో పోనిచ్చాను.

టౌనులో పిల్లల డాక్టరు కుర్రవాడు. చెంచాలాంటిదానితో నాలుక నొక్కి, లైటు వేసి, చాలాసేపు చూశాడు. మెడ మీది పాముల్ని చూసి ఏమీ అనలేదు. అందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

"టీకాలన్నీ వేయించారా అమ్మా?"

"అన్నీ ఏయించినాం బాబూ."

"అయిదేళ్ళది?"

"అదీ పడిపోనాది. ఇదిగో, మా తమ్ముడే దగ్గరుండి ఏయించినాడు. దూది నానే తీసి పారేసినాను."

"కార్డుందా?"

"ఇంటికాడ పెట్టెలో ఉన్నాది."

డాక్టరు చెంచా పక్కన పెట్టాడు. "నాకు ఒక అనుమానం ఉంది. కానీ అన్ని మోతాదులూ పడ్డ పిల్లకి ఆ జబ్బు రావడం తక్కువ. వేరే గొంతు జబ్బుల్లో కూడా ఇలాంటి పొర వస్తుంది. శాంపిలు తీసి పంపిద్దాం. ఇక్కడే ఉంచి పొద్దున్నదాకా చూద్దాం."

పొద్దున్నదాకా. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. పిల్ల మంచం మీద నుంచి నన్నే చూస్తోంది. దగ్గరకి రమ్మని వేలు ఆడించింది. చెవి దాని నోటి దగ్గర పెట్టాను. మాట గాలిలా వచ్చింది.

"సెప్పీకు మావా. సెపితే నువ్వు సచ్చిపోతావు. ఒట్టేసినాను కదా."

నా జీవితంలో ఎవరూ నా మాటని అంత నమ్మలేదు.

"ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసినానే," అన్నాను. "ఇందాక మన పొలం గట్టు మీదే ఎట్టీసి వచ్చినాను. నాకేటీ అవదు."

లేచి డాక్టరుతో అన్నాను. "దీనికి అయిదేళ్ళ సూది పడలేదండి. నేను వేయించలేదు."

అప్ప నా వైపు చూసి, డాక్టరు వైపు తిరిగింది. "ఈడి మాట పట్టించుకోకండి బాబూ. ఈడంతే. సావింటికాడ కూడా నవ్విస్తాడు."

"లేదప్పా, నిజం."

"ఒరే, ఇదేనా సమయం? పిల్ల ఊపిరాడక సస్తంటే నీ ఎకసెక్కాలేటిరా?"

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నేను ఆడిన అబద్ధాలన్నీ జనం నమ్మారు. ఒక్క నిజం చెబుతుంటే నా తోడబుట్టిందే నవ్వులాటని తీసేస్తోంది. ఒట్లు వేస్తే లాభం లేదు. నా ఒట్లు ఊరికంతటికీ తెలుసు.

"అప్పా, ఆ రాత్రి దూది తీసి పారేస్తూ ఏటన్నావు? నర్సమ్మలు నూనె రాస్తన్నారేటి అన్నావు. ఆ దూది అమ్మ వత్తుల డబ్బాలోది. నేనే అంటించినాను. ఇద్దరం కలిసి నీకు కత సెప్పినాం."

అప్ప మొహంలో ముందు ఏమీ మారలేదు. తరవాత తన కుడిచెయ్యి నెమ్మదిగా పైకి లేచింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. చూపుడువేలూ బొటనవేలూ ఒకదానికొకటి రాసుకుంది, నూనె ఇంకా అంటుకుని ఉందేమోనని చూసుకుంటున్నట్టు.

డాక్టరు అప్పటికే ఫోను తీశాడు. తరవాత అన్నీ గబగబా జరిగాయి. ఈ జబ్బు విషానికి విరుగుడు మందు వేరే ఉందట. మామూలు సూదులు క్రిమిని చంపుతాయి గానీ, అది అప్పటికే వదిలిన విషాన్ని ఏమీ చెయ్యలేవట. ఆ విరుగుడు ఇక్కడ లేదు, విశాఖలో ఉందని కనుక్కున్నాడు. "ప్రతి గంటా లెక్కే," అన్నాడు. ఒక సూది అక్కడే వేసి అంబులెన్సు పిలిపించాడు. బావ వచ్చి సంగతి విన్నాడు. నన్ను చూడలేదు. "ఆటో తాళం ఇలా ఇయ్యి, అత్తని తీసుకొస్తాను," అన్నాడు అంతే.

అప్ప పిల్లతో వెనకాల ఎక్కింది. నేను ఎక్కబోతే తలుపు వేసేసింది. వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చున్నాను. మధ్యలో చిన్న అద్దం, దానికి అటువైపు పచ్చ తెర. ఏమీ కనబడదు. ఈల మాత్రం వినబడుతోంది. ఈల ఉన్నంతసేపూ పిల్ల ఉన్నట్టు. సైరను మోగినప్పుడు ఈల వినబడేది కాదు. "బాబూ, అది కొంచెం ఆపవా," అని అడిగితే డ్రైవరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

శ్రీకాకుళం దాటాము. చీకటి పడకముందే భోగాపురం వచ్చింది. "ఇక్కడే ఇమానాలు దిగుతాయట," అన్నాడు డ్రైవరు, నన్ను కాస్త మాటల్లో పెడదామని. పొద్దున్నైతే ఆ ఒక్క ముక్కతో నేను విశాఖ దాకా నవ్వించేవాణ్ణి. "అలాగా," అన్నాను. అక్కడే, ఎక్కడో జీడితోటల దగ్గర, ఈల ఆగిపోయింది. నేను అద్దం మీద కొట్టాను. తెర కదల్లేదు. రెండు చేతులతో కొట్టాను. తెర పక్కకి జరిగింది. అప్ప మొహం. దాని వెనకాల పిల్ల నోటి మీద మాస్కు, అందులో ఆక్సిజను పొగలా. అప్ప నా వైపు ఒక్క క్షణం చూసి, తెర మళ్ళీ వేసేసింది. ఆ చూపు నేను ఎవరికీ చెప్పలేను, రాయనూ లేను.

దీపాలు పెట్టేవేళకి ఆసుపత్రికి చేరాము. ఒక నర్సు స్పిరిటు దూదితో పిల్ల మెడ తుడిచింది. పాములు రెండూ ఎర్రగా దూదిలోకి దిగిపోయాయి. తలుపు వేసేముందు నేను చూసింది అదే. తరవాత విరుగుడు ఎక్కించారు. పిల్లని విడిగా ఉంచారు, తల్లి ఒక్కతే లోపల ఉండాలన్నారు. డాక్టరమ్మ బయటికి వచ్చి, ముందు పడిన సూదులు కొంత కాపాడాయని, గుండె మీదకి పోకుండా ఉంటే గండం గడిచినట్టేనని, రెండు వారాలు చూడాలని చెప్పింది. "ఆ ఒక్కటీ కూడా పడి ఉంటే..." అని ఆగి, లోపలికి వెళ్ళిపోయింది. మాటని పూర్తి చెయ్యకుండా వదిలెయ్యడం ఎంత దెబ్బో అప్పుడు తెలిసింది.

వరండాలో మూడు రోజులు కూర్చున్నాను. అప్ప బయటికి వచ్చేది, మందుల చీటీ బెంచీ మీద పెట్టి వెళ్ళేది. నేను తెచ్చి అదే బెంచీ మీద పెట్టేవాణ్ణి. మా ఇద్దరి మధ్యా బెంచీయే మాట్లాడింది. నాలుగో రోజు పొద్దున్న అప్ప వచ్చి నా ఎదురుగా నిలబడింది. చేతిలో చీటీ లేదు.

"నోరు తెరిసి మాటాడినాది," అంది.

నేను లేచి నిలబడ్డాను.

"నిన్నే అడుగుతన్నాది. మావ సచ్చిపోనాడేమో సూసి రమ్మన్నాది."

"ఏటి సెప్పినావు?"

"ఇంకా లేదన్నాను."

అంది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నేను బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పక్కనున్న ముసలమ్మ, పాపం, ఎవరో పోయారనుకుని నా వీపు నిమిరింది.

మేము విశాఖలో ఉండగానే మా వీధికి వైద్యసిబ్బంది వచ్చారట. పిల్లతో తిరిగిన వాళ్ళందరికీ మాత్రలిచ్చారు, పిల్లలందరి కార్డులూ తీయించి చూశారు. ఖాళీ గడులు ఇంకా బయటపడ్డాయి. కొన్ని జ్వరానికి భయపడి, కొన్ని కూలికి పోయి, ఒకటి నాలాంటి మావ వల్ల కాదు గానీ నాలాంటి నాన్న వల్ల. నాకూ ఆసుపత్రిలోనే సూది పడింది. గోడ దూకి పారిపోయినవాణ్ణి ఇన్నేళ్ళకి పట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నాను. చీమ కుట్టినంత. ఇంతదానికా, అనిపించింది. ఆ తరవాత ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నానో.

మా అమ్మ మాత్రం నర్సమ్మతో చాలా రోజులు తగువు పెట్టుకుంది.

"సర్పి కాదని సెప్పొచ్చు కదమ్మా?"

"కంఠసర్పి అని చెప్పాను కదా మామ్మా."

"అదే కదా నాను ఇన్నాను!"

ఇద్దరిదీ నిజమే. పాపం నర్సమ్మ పుస్తకంలో ఉన్న తెలుగు మాటే చెప్పింది. మా అమ్మ తనకి తెలిసిన తెలుగే వింది. మధ్యలో ఒక పూట పోయింది. ఆ తరవాత నర్సమ్మ ఎవరింటికి వెళ్ళినా డిఫ్తీరియా అనే అంటోంది. మా వీధిలో ఆ పేరు సరిగ్గా పలకగలిగేవాళ్ళు లేరు. కానీ ఆ పేరుకి బొమ్మ గీయడం తాతకి కూడా రాదు, అదొక్కటి మేలు.

పిల్ల గొంతు చాలా రోజులు బొంగురుగానే ఉండిపోయింది. పూర్తిగా కోలుకున్నాక నర్సమ్మ కబురు పెట్టింది. వచ్చిపోయింది కదా అని ఊరుకోకూడదట, ఈ జబ్బు ఒకసారి వచ్చినంత మాత్రాన మళ్ళీ రాదని నమ్మకం లేదట, తప్పిన సూది వేయించాల్సిందేనట.

బుధవారం ఆటో తీశాను. అప్ప వచ్చి పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకుని తను చివర కూర్చుంది. కార్డు జాకెట్లో దోపుకుంది. ఈసారి అది నా చేతికి రాలేదు. అంగన్వాడీ మలుపు దగ్గర లోపలినుంచి ఏడుపు వినబడింది. పిల్ల నా చొక్కా వెనకాల పట్టుకుంది. నేను ఆటో ఆపలేదు, తిప్పలేదు.

సూది పడుతుంటే అది ఏడవలేదు. నర్సమ్మ దూది నొక్కి పట్టి, "ఇలా పట్టుకోండి," అంది. అప్ప చెయ్యి చాపబోయి, ఆగి, నా వైపు చూసింది.

"నువ్వే పట్టుకో," అంది.

పట్టుకున్నాను. పిల్ల నా వేళ్ళ కిందకి తొంగిచూసింది.

"మావా, ఇది ఉత్తుత్తి దూదా, నిజం దూదా?"

వేలు కొంచెం ఎత్తి చూపించాను. తెల్లటి దూది మధ్యలో, ఆవగింజంత, ఎర్రగా ఉంది. పిల్ల చూసింది, దూది తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది. తరవాత దూదిని అప్ప వైపు చాపింది. అప్ప కూడా వాసన చూసింది.

"నూనె లేదు," అంది, కార్డు బయటికి తీసి నర్సమ్మ చేతికిచ్చింది.